26 చుట్ల నట్టు

పాత సైకిలును మళ్ళీ రోడ్డెక్కించాలనుకునేవాళ్ళకు పెద్ద సామానుతో చిక్కు రాదు. రాలీయో, హెర్క్యులిసో, బి.ఎస్.ఏ.నో గొడ్లచావడి గోడకు ఆనుకుని ముప్పై నలభై ఏళ్ళు గడిపినా ఫ్రేము గట్టిగానే ఉంటుంది. మందపాటి ఇనుప గొట్టాలు, పైపైన తుప్పు పట్టి ఊరుకుంటాయి. వజ్రకరూరు లాంటి వాన ముఖం చూడని ఊళ్ళో ఆ తుప్పు కూడా సముద్రం ఒడ్డు ఊళ్ళకంటే తక్కువే. కరువు చేసిన మేలంటూ ఏదైనా ఉంటే ఇదొక్కటే కావచ్చు. టైర్లు, చైను, పెడళ్ళు దొరుకుతాయి. పని ఆగిపోయేది హ్యాండిల్ మెడ దగ్గర బిగించే నట్టు దగ్గర, పెడల్ రాడ్డును ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను దగ్గర, ముందు చక్రం కోను దగ్గర, రాడ్ బ్రేకు చివరన ఉండే వేలెడంత బోల్టు దగ్గర. షాపులో అడిగితే ‘రాలీ సామాను ఇప్పుడు రాదు’ అన్న ఒక్క మాటతో తిప్పి పంపేస్తారు. సైకిలు మళ్ళీ చావడి చేరుతుంది. ఆ మాట సగమే నిజమని నా వాదన. ఆ సామానులో చాలా భాగం ఇంకా తయారవుతూనే ఉంది. మనం దాన్ని కంపెనీ పేరుతో అడుగుతున్నాం కాబట్టి దొరకడం లేదు. కొలతతో అడిగితే సంగతి వేరు.

ఇది అర్థం కావాలంటే మర సంగతి కొంచెం చూడాలి. బోల్టు మీదా నట్టు లోపలా చుట్టుకుంటూ పోయే గాడికి రెండు కొలతలుంటాయి: ఎంత లావు, అంగుళం పొడవులో ఎన్ని చుట్లు. లావు కంటికి తెలుస్తుంది, చుట్లు తెలియవు. పాత ఇంగ్లీషు సైకిళ్ళలో ఫోర్కు గొట్టం లావు ఒక అంగుళం. ఎక్కువ కంపెనీలు బ్రిటిష్ సైకిల్ ప్రమాణం ప్రకారం దాని మీద అంగుళానికి 24 చుట్లు కోసేవి. నాటింగ్‌హామ్‌లోని రాలీ మాత్రం సొంత లెక్క పెట్టుకుని 26 కోసింది. పెడళ్ళ ఇరుసు తిరిగే అడుగు గొట్టంలోనూ అంతే, మిగతావాళ్ళవి 24, రాలీవి 26. చూడ్డానికి రెండు నట్లూ కవల పిల్లలే. 24 చుట్ల నట్టును 26 చుట్ల ఫోర్కు మీద పెడితే ఒకటి, ఒకటిన్నర చుట్టు సాఫీగా ఎక్కి పట్టేస్తుంది. లెక్క వేస్తే కారణం తేలిపోతుంది. మొదటి రకంలో గాడికీ గాడికీ మధ్య దూరం 1.058 మిల్లీమీటర్లు, రెండో రకంలో 0.977. ఒక్కో చుట్టుకు తేడా మిల్లీమీటరులో పన్నెండో వంతు, ఐదు చుట్లు తిరిగేసరికి 0.4 మిల్లీమీటర్లు. తుప్పు వల్ల బిగుసుకుందనుకుని పెద్ద పానా వేసి తిప్పితే నట్టుతో పాటు ఫోర్కు మరలు కూడా పోతాయి. చక్రాల ఇరుసుల దగ్గర మోసం ఇంకా ఎక్కువ. పాత ఇంగ్లీషు ఇరుసులు అంగుళానికి 26 చుట్లవి, మెట్రిక్ రకం ఇరుసులు మిల్లీమీటరుకు ఒక చుట్టువి. వీటి మధ్య తేడా చుట్టుకు 0.023 మిల్లీమీటర్లే. లావులు దగ్గరదగ్గరగా ఉంటే తప్పు నట్టు కూడా నాలుగైదు చుట్లు ఎక్కుతుంది, సరిపోయిందనిపిస్తుంది, ఆఖరి బిగింపులో చెయ్యిస్తుంది.

రాలీ కొంగ గుర్తు ఉంటే 26, లేకపోతే 24 అనుకుంటే చాలదా అని అడగొచ్చు. చాలదు. ఈ కంపెనీల చరిత్ర అంత శుభ్రంగా లేదు. 1910లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన హెర్క్యులిస్ తర్వాత ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతికి వెళ్ళింది. బి.ఎస్.ఏ. సైకిళ్ళ వ్యాపారాన్ని 1957లో రాలీ కొనేసింది. 1960లో ఆ రాలీయే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌లో కలిసింది. ఒకప్పుడు ఒకరినొకరు తొక్కేయాలని చూసిన పేర్లన్నీ అలా ఒకే కప్పు కిందికి చేరాయి. ఇక మన దేశంలో 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్ప కుటుంబమూ ఈ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్సూ కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టాయి. హెర్క్యులిస్, బి.ఎస్.ఏ., ఫిలిప్స్ పేర్లు అక్కడా సాగాయి. రాలీ పేరు బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్-రాలీ కార్ఖానాకు దక్కింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. మెడ మీది బిళ్ళ సైకిలు ఎక్కడ పుట్టిందో చెబితే చెప్పొచ్చు. మధ్యలో ముగ్గురు మెకానిక్కులు మార్చిన ఫోర్కు ఎక్కడిదో అది చెప్పలేదు. కొలవక తప్పదు. అదేమంత కష్టమూ కాదు. అంగుళాలున్న స్కేలును ఫోర్కు మరల పక్కన పెట్టి అరంగుళంలో గాళ్ళు లెక్కపెడితే 12 వస్తే 24 రకం, 13 వస్తే 26 రకం. కాగితం ముక్కను మరల మీద గట్టిగా నొక్కితే పడే గీతలు లెక్కపెట్టినా అంతే. బడిపిల్లల పెట్టెలో ఉండే స్కేలు చాలు.

ఇక్కడ ఒక ఊరట ఉంది, దీన్ని చాలామంది గమనించరు. సైకిలంతా మరలే గానీ, మార్చడానికి వీల్లేకుండా ఇనుములోనే కోసి ఉన్న ముఖ్యమైన మరలు రెండే చోట్ల ఉంటాయి: అడుగు గొట్టం లోపల, ఫోర్కు పైకొసన. మిగతావన్నీ జతలుగా మార్చుకోగలిగినవే. ముందు ఇరుసుకు కోను దొరకలేదంటే ఆ ఒక్క కోను కోసం ఊళ్ళు తిరగనక్కర్లేదు. ఇరుసు, రెండు కోన్లు, నట్లు కలిపి ఒక సెట్టుగా మార్చేస్తే మర గొడవే ఉండదు, కోను బేరింగు గుండ్ల మీద సరిగ్గా కూర్చుంటోందో లేదో చూసుకుంటే సరి. అడుగు గొట్టంలో కప్పులు బాగుంటే వాటిని కదపకుండా పావు అంగుళం గుండ్లు కొత్తవి వేసి గ్రీజు పెడితే చాలు. కుడివైపు కప్పును తీయాల్సే వస్తే దాని మర ఎదురు తిరుగుడని గుర్తుంచుకోవాలి. మామూలు నట్టు విప్పినట్టు విప్పబోతే అది ఇంకా బిగుసుకుంటుంది. ‘దొరకని సామాను’ జాబితాను ఇలా జల్లెడ పడితే చివరికి నిజంగా అరుదైనవి ఒకటో రెండో మిగులుతాయి. రాలీ ఫోర్కు మీది 26 చుట్ల నట్టు అలాంటిది.

మన దేశం ఈ విషయంలో అదృష్టవంతమైనదే. ఇంగ్లండులో ఈ తరహా నల్ల సైకిలు మ్యూజియం సరుకైపోయాక కూడా లూధియానాలో దాన్ని చేస్తూనే ఉన్నారు. అదే రాడ్ బ్రేకు, అదే కాటర్ పిన్ను, ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. 40 రంధ్రాల రిమ్ము కోసం విదేశీ అభిమానులు దేవులాడుతుంటారు, మనకు అది మామూలు సరుకు. 28 అంగుళాలకు ఒకటిన్నర టైరు, అంతర్జాతీయ లెక్కలో 635 అని రాసేది, అక్కడ ప్రత్యేకంగా తెప్పించుకోవాలి. ఇక్కడ పాలక్యాన్లు మోసే సైకిలుకు వేసేది అదే. అట్లాస్ సాహిబాబాద్ కార్ఖానా 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు మూతపడినప్పుడు ఇక సామాను కూడా పోయినట్టేనని కొందరు బెంగపడ్డారు. సైకిలు కంపెనీ మూతపడితే సామాను మాయం కావాలని లేదు. లూధియానాలో కోను చేసేవాడు వేరు, పెడలు చేసేవాడు వేరు, వాళ్ళు పది పేర్లకు ఒకే సరుకు పోస్తారు. రిమ్ములకు, ఫ్రేములకు భారతీయ ప్రమాణాలు కూడా వేరువేరుగా ఉన్నాయి. కాబట్టి కొలత చెప్పగలిగితే పేరు లేకపోయినా పని జరుగుతుంది.

వజ్రకరూరు నుంచి వెతుకులాట గుంతకల్లు, ఉరవకొండల్లోని పాత సైకిలు షాపులతో మొదలుకావాలి. ముందున్న అద్దాల అర కంటే వెనకనున్న నూనె డబ్బాలు ముఖ్యం, విప్పి పారేసిన నట్లు వాటిలోనే ఉంటాయి. తొలకరి పడ్డాక ఇక్కడి చేలల్లో వజ్రాలు ఏరేవాళ్ళకు అదృష్టం కావాలి. ఆ డబ్బా తిరగేసేవాడికి స్కేలూ, తన ఫోర్కు కొలతా ఉంటే చాలు. అక్కడ దొరక్కపోతే బెంగళూరు చిక్‌పేట ఆదివారం బజారు, హైదరాబాదు జుమేరాత్ బజారు ఉన్నాయి. అక్కడా లేదంటే లేత్ మిషన్ ఉంది. బోరు మోటార్లు బాగుచేసే పనీ, ట్రాక్టరు పనీ ఉన్న ఈ ప్రాంతపు పట్టణాల్లో లేత్ షాపుకు కొదవ లేదు. ఒక అంగుళం లావు, 26 చుట్లు అని చెప్పి, ఫోర్కునే ఎదురుగా పెడితే నట్టు కోయడం తెలిసినవాడికి గంటల పని కాదు.

అయితే లేత్ అన్నిటికీ మందు కాదు. నట్లు, వాషర్లు, బుష్‌లు, బ్రేకు కడ్డీ చివరి బోల్టులు నిశ్చింతగా చేయించుకోవచ్చు. కోన్లు, కప్పులు మాత్రం వద్దు. గుండ్లు దొర్లే చోట ఇనుము పైపొరను కాల్చి గట్టిపరుస్తారు. మామూలు ఇనుప కడ్డీని కోసి చేసిన కోను కొద్ది నెలల్లోనే గాడి పడిపోతుంది. కాటర్ పిన్నులోనూ రెండు లావులున్నాయి, తొమ్మిది మిల్లీమీటర్లు, తొమ్మిదిన్నర. పాత ఇంగ్లీషు సైకిళ్ళకు తరచుగా పట్టేది రెండోది. సన్నదాన్ని వేసి సుత్తితో దిగ్గొడితే అప్పటికి బిగుస్తుంది గానీ పిన్ను వంగుతుంది, పెడలు వదులవుతుంది. ఆ దెబ్బలు ఇరుసు మీదుగా గుండ్లకు తగిలి కప్పులో గుంటలు పడతాయి. సరైన లావు పిన్ను తెచ్చి, ఏటవాలు వైపును ఆకురాయితో కొద్దికొద్దిగా రుద్ది, వైసులో నొక్కించడమే పద్ధతి. వైసు లేకపోతే పెడల్ రాడ్డు కింద ఇనుప గొట్టం ఆనించి అప్పుడు కొట్టాలి.

లేత్ మీద చేయించిన నట్టుతో అది అసలు రాలీ ఎలా అవుతుందని సేకరణదారులు అభ్యంతరం చెబుతారు. ప్రదర్శనకు పెట్టే సైకిలు విషయంలో వాళ్ళది న్యాయమే, కొంగ బొమ్మ కోసిన పళ్ళ చక్రాన్ని ఏ లేత్ వాడూ మళ్ళీ పుట్టించలేడు. కానీ గడ్డిమోపు మోసే సైకిలుకు మెడ దగ్గరి నట్టు నాటింగ్‌హామ్‌దా గుంతకల్లుదా అన్న పట్టింపు దండగ. మరో పాత సైకిలు కొని అందులోంచి పీకితే అయిపోదా అనేవాళ్ళున్నారు. ఇది నాకు నచ్చని దారి. ఒక నట్టు కోసం ఇంకో ఫ్రేము పాత ఇనుముకు పోతుంది, పైగా అందులోది 26 చుట్లదన్న హామీ కూడా లేదు. ఇంత తంటా ఎందుకు, కొత్తదే కొనుక్కోవచ్చు కదా అన్నది అన్నిటికంటే బలమైన ప్రశ్న. ఫ్రేము చీలినా, ఫోర్కు వంగినా నేనూ అదే చెబుతాను. ఫోర్కుకు వెల్డింగు పెట్టించి తొక్కడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కానీ ఫ్రేమూ ఫోర్కూ బాగుండి ఒక్క నట్టు కోసం సైకిలు మూలపడితే, ఆ నట్టు ఖర్చు కొత్త సైకిలు ధరలో ఏ మూలకూ రాదు.

వెతకడానికి బయల్దేరేముందు ఒక పని చేయండి. విరిగిన నట్టునైనా, అరిగిన పిన్నునైనా, ఎంత పాడైనా సరే పారేయకుండా గుడ్డలో కట్టి జేబులో వేసుకోండి, అరంగుళానికి ఎన్ని గాళ్ళు వచ్చాయో కాగితం మీద రాసుకోండి. షాపులో పేరు చెప్పేముందు ఆ ముక్కను బల్ల మీద పెట్టండి.