పక్కింటి గోడలో 54 మిల్లీమీటర్లు

మంగళవారం సాయంత్రం ఎడిటర్ గారి ఫోను. "పుదుచ్చేరిలో సన్న జాగాల్లో ఇల్లు కట్టించుకునేవాళ్ళకు మంచి బిల్డరు దొరకడం ఎలా? ముఖచిత్ర కథనం. శుక్రవారం పొద్దునకల్లా కావాలి." ఆయన తోడల్లుడికి అక్కడ పాత ఇల్లొకటి వాటాకొచ్చిందనీ, సందేహం అసలు ఆయనదేననీ మా ఆఫీసులో అందరికీ తెలుసు. తోడల్లుడి పుణ్యమా అని నేను వైశ్యాళ్ వీధి చూసొచ్చాను.

మిషన్ వీధికీ మహాత్మాగాంధీ రోడ్డుకూ మధ్య ఉంటుందది. పలకమీద పేరు కాల్వే సుబ్బరాయ చెట్టియార్ వీధి. ఇళ్ళన్నీ భుజం భుజం ఆనించుకుని నిలబడ్డాయి. వీధి వైపు కర్రస్తంభాల మీద వాలిన పెంకుల చూరును అక్కడ తాళ్వారం అంటారు. మన నిఘంటువుల్లోనూ ఉన్న మాటే, మనం వాడటం మానేశాం. దాని కింద అరుగు, అరుగు దాటితే చెక్కుడు తలుపు, తలుపు దాటితే ఆకాశం కనిపించే మండువా. ముందు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. పక్క గోడలకు కిటికీలుండవు. గాలీ వెలుతురూ పైనుంచి మండువాలోకి దిగి, అక్కణ్ణుంచి గదుల్లోకి పోతాయి. 'ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం' అంటారు మనవాళ్ళు. ఆ సామెతలో రెండో సగం వదిలేయండి, మొదటి సగం ఈ ఇళ్ళకు చెల్లదు. వారసత్వ కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థ, యూరోపియన్ యూనియన్ 'ఏషియా అర్బ్స్' పథకం తోడుగా ఈ వీధి ముఖాలను బాగుచేయించింది. 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది.

చూడ్డానికి బాగుంది. మరి బిల్డరు సంగతి? ఫోన్లో పలకరించిన ప్రతివాళ్ళూ 'హెరిటేజ్ లుక్' అన్నారు. ఆ మాట వింటే నాకు అనుమానం. కాంక్రీటు పెట్టె కట్టి, ముందు రెండు కర్రస్తంభాలు అతికించడానికి సన్న జాగా తెలిసిన మనిషి అక్కర్లేదు. సన్న జాగా పనితనమంతా వీధిలోంచి కనబడని చోట, పక్కింటి గోడ దగ్గర ఉంటుంది.

ఆ గోడ వెంట పడితే ఫ్రెంచి సివిల్ కోడ్ చేతికొచ్చింది. 1804 నాటి ఈ నెపోలియన్ చట్టాన్ని 1819 జనవరి 6 ఉత్తర్వుతో ఇక్కడి ఫ్రెంచి స్థావరాల్లో అమలుకు తెచ్చారు. మన యానాం కూడా అప్పుడు ఆ గొడుగు కిందే ఉంది. అందులో 653వ అధికరణం నుంచి నడిచేదంతా ఉమ్మడి గోడ కథే. రాసినవాడు జీవితంలో ఒక్కసారైనా పక్కింటివాళ్ళతో తగువు పడే ఉంటాడు.

రెండిళ్ళ మధ్య గోడ, పొట్టి ఇంటి ఎత్తు వరకు, ఇద్దరిదీ అని లెక్క. కాదనాలంటే దస్తావేజైనా ఉండాలి, గోడమీద గుర్తైనా ఉండాలి. గుర్తు ఏమిటో 654 చెబుతుంది: గోడ తల ఒకవైపు నిట్టనిలువుగా ఉండి రెండోవైపే వాలి ఉంటే, వాన నీళ్ళు ఎవరి పెరట్లోకి జారుతున్నాయో గోడ వాళ్ళది. తూకం గుండు పట్టుకున్న మేస్త్రీ ఎవరైనా నిచ్చెనెక్కి చదవగల దస్తావేజు అది.

నాకు అన్నిటికన్నా నచ్చింది 657. ఉమ్మడి గోడలో మీ దూలాన్ని గోడ మందమంతా దూర్చుకోవచ్చు, అవతలి వైపు 54 మిల్లీమీటర్లు మాత్రం వదలాలి. పాత కొలతలో రెండు ఫ్రెంచి అంగుళాలు. రేపు పక్కాయన కూడా సరిగ్గా అదే చోట తన దూలం దింపాలనుకుంటే, మీ దూలాన్ని గోడ సగానికి ఉలితో చెక్కించే హక్కు ఆయనకుంది. ఇక 659: మేడ ఎత్తాలనుకుంటే, ఆ బరువు గోడ మోయలేకపోతే, ఎత్తేవాడే గోడంతా తన ఖర్చుతో తిరిగి కట్టాలి, పెరిగిన మందం తన జాగాలోంచే ఇవ్వాలి. 662 ప్రకారం అలమారు కోసం ఉమ్మడి గోడను తొలవాలన్నా అవతలివాళ్ళను అడగాల్సిందే.

నేను వకీలును కాను. ఇవాళ్టి తగాదాకు వకీలు దగ్గరికే వెళ్ళండి. బిల్డరు ఇంటర్వ్యూకి మాత్రం ఇంతకు మించిన ప్రశ్నాపత్రం నాకు దొరకలేదు. దూలం చివర ఎక్కడ ఆగుతుంది? పై అంతస్తు బరువు పాత గోడ మీదా, సొంత స్తంభాల మీదా? గోడ తలమీద పడ్డ వాన ఎటు పోతుంది? ముగ్గురు బిల్డర్లను అడిగితే ఎవరు గోడ చూడ్డానికి లేస్తారో, ఎవరు ఫోను చూసుకుంటారో తేలిపోతుంది.

నేను చేర్చే ప్రశ్న ఒకటుంది: పునాది ఎలా తవ్వుతారు? పాత సున్నపు గోడల పునాదులు లోతు తక్కువ, నేల ఇసుక పాలు ఎక్కువ. గోడ పొడవునా ఒకేసారి కందకం తీస్తే పక్కింటి గోడ కింద మన్ను జారుతుంది. తెలిసినవాడు మీటరో మీటరున్నరో ముక్క తవ్వి, కట్టి, గట్టిపడ్డాక, మధ్యలో ఒక ముక్క వదిలి తర్వాతిది తవ్వుతాడు. పని నెమ్మది, కూలి ఎక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి ఆ నెలల్లో పునాది జోలికే పోడు. ఇసుక, ఇటుక నెత్తిమీద మోయించడానికి ఎస్టిమేటులో విడిగా లెక్క రాస్తాడు. ఆ వరస లేని ఎస్టిమేటు చవగ్గా కనిపిస్తుంది. తేడా తర్వాత వసూలవుతుంది.

చరిత్ర లేకపోతే ఎడిటర్ గారు ఊరుకోరు గనక: 1693 నుంచి 1699 దాకా ఊరు డచ్చివాళ్ళ చేతిలో ఉంది, గళ్ళు గీసినట్టున్న వీధుల నమూనా వాళ్ళది. 1761లో ఇంగ్లీషువాళ్ళు నేలమట్టం చేశారు. 1765 నుంచి ఫ్రెంచి గవర్నరు లా ద లొరిస్తాఁ హయాంలో పాత పునాదుల మీదే మళ్ళీ లేపారు. ఊరి మధ్య కాలువకు అటు తెల్లవాళ్ళ ఊరు, ఇటు తమిళుల ఊరు. 1954లో పాలన చేతులు మారింది, 1962లో చట్టరీత్యా భారతదేశంలో కలిసింది. అయిపోయింది.

గురువారం ఒక తాపీ మేస్త్రీ గారిని కలిశాను. పేరు వేయొద్దన్నారు. 54 మిల్లీమీటర్ల సంగతి చెబితే నవ్వలేదు. టేపు లాగి, బొటనవేలితో అంకె పట్టుకుని చూశారు. "మేం రెండు వేళ్ళు వదులుతాం సార్," అన్నారు. "ఎందుకు వదలాలో మా నాన్న చెప్పలేదు. వదలమన్నాడంతే."

పెట్టె 1: మద్రాసు మిద్దె

పాత ఇంటిని నిలబెట్టుకోవాలనుకుంటే మేస్త్రీకి ఇది తెలియాలి. టేకు దంతెల మీద పలచని మిద్దె ఇటుకలను అంచుమీద నిలబెట్టి, ఏటవాలుగా, సున్నంతో పేరుస్తారు. పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు 10 సెంటీమీటర్లు పోసి, కర్ర బడితెలతో మూడు రోజులు కొడితే ఏడున్నరకు దిగుతుంది. ఆ పైన పలక పెంకులు. దీనికి భారత ప్రమాణాల కోడ్ కూడా ఉంది: ఐఎస్ 2119, 1980. సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తానన్నవాణ్ణి పంపించేయండి. తేమ బయటికి రాలేక లోపలి నుంచి పొరలు ఊడతాయి.

పెట్టె 2: రెరా ఉందిగా అనుకునేవారికి

2016 రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా ప్రాజెక్టును రిజిస్టరు చేయనక్కర్లేదు. సన్న జాగాలు దాదాపు అన్నీ ఆ గీత కిందే ఉంటాయి. సొంత జాగాలో కాంట్రాక్టుకిచ్చి కట్టించుకునేవారికి ఒప్పంద పత్రమే దిక్కు. పక్కింటి గోడకు పగుళ్ళొస్తే ఖర్చు ఎవరిదో అందులో రాయించండి. పని మొదలెట్టే ముందు ఆ గోడను రెండువైపులా ఫొటోలు తీసి, తేదీ వేసి, పక్కింటివాళ్ళ సంతకం తీసుకోండి. వెళ్ళేటప్పుడు పళ్ళు పట్టుకెళ్ళండి.