డార్క్ మ్యాటర్ మనల్ని ఇంకో రకంగా కూడా లాగుతోందా?

అమెరికాలోని సియాటిల్ నగరం. అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీ ల్యాబ్‌లో 70 గ్రాముల లోలకం ఒకటి తయారైంది. వెంట్రుక కంటే సన్నని టంగ్‌స్టన్ తీగకు వేలాడుతుంది. ఒకవైపు నాలుగు బెరీలియం ముక్కలు, ఇంకోవైపు నాలుగు టైటానియం ముక్కలు. అన్నీ ఒకే బరువు, తేడా లోహంలోనే. తీగ రవ్వంతైనా మెలిపడుతుందా అని చూడడమే పని. పరిశోధకులు ఆ మెలికలో వెతికిన వాటిలో ఒకటి, 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న పాలపుంత కేంద్రం వైపు నుంచి వచ్చే లాగుడు.

మన పాలపుంత నిండా డార్క్ మ్యాటర్ ఉంది. తెలుగులో కృష్ణ పదార్థం అంటున్నారు. అది వెలుగు ఇవ్వదు, వెలుగును అడ్డుకోదు. విశ్వంలో మామూలు పదార్థం ఒక వంతైతే ఇది దాదాపు ఐదు వంతులు. దాని గురుత్వాకర్షణ వల్లే అది ఉందని తెలిసింది. మరి మనకూ దానికీ మధ్య ఉన్నది గురుత్వాకర్షణ ఒక్కటేనా, ఇంకో బలం ఏదైనా దాగి ఉందా? ప్రశ్న ఇదే.

బలం ఉంటే దాన్ని మోసే కణం ఉండాలి. విద్యుదయస్కాంత బలాన్ని మోసేది ఫోటాన్. దానికి ద్రవ్యరాశి లేదు, అందుకే ఆ బలం ఎంత దూరమైనా పోతుంది. అదే బలహీన కేంద్రక బలాన్ని మోసే కణాలు బాగా బరువైనవి, అది పరమాణు కేంద్రకం దాటి బయటికి రాదు. మోసే కణం ఎంత తేలికైతే బలం అంత దూరం. గెలాక్సీ కేంద్రం నుంచి మనదాకా రావాలంటే ఆ కణం బరువు ఎలక్ట్రాన్ బరువులో 1 పక్కన 32 సున్నాలు పెట్టినంత వంతుల్లో ఒకటి కంటే కూడా తక్కువ ఉండాలి. అలాంటిదాన్ని నేరుగా పట్టుకోవడం అయ్యే పని కాదు. దాని లాగుడు కోసమే వెతకాలి.

ఇక్కడే రెండు లోహాలు పనికొస్తాయి. గురుత్వాకర్షణ ఇది ఏ లోహం అని అడగదు, అన్నిటినీ ఒకేలా పడేస్తుంది. కొత్త బలం అలా ఉండాలని లేదు. బెరీలియంలో, టైటానియంలో ప్రోటాన్లు, న్యూట్రాన్ల నిష్పత్తి వేరు. కాబట్టి ఒకదాన్ని కొంచెం ఎక్కువ లాగవచ్చు. అప్పుడు తీగ మెలిపడుతుంది.

చిక్కు ఏంటంటే ల్యాబ్‌లో పగటి వేడి, రోడ్డు మీద వాహనాలు, మనుషుల రాకపోకలు కూడా తీగను కదిలిస్తాయి. కానీ ఇవన్నీ సూర్యుడి గడియారం ప్రకారం, 24 గంటలకోసారి వస్తాయి. గెలాక్సీ కేంద్రం మాత్రం 23 గంటల 56 నిమిషాలకే తిరిగి అదే దిక్కుకు వస్తుంది. రోజుకు నాలుగు నిమిషాల తేడా ఆరు నెలల్లో 12 గంటలవుతుంది. అందుకే నెలల తరబడి ఓపిగ్గా కొలిస్తే అసలు సంకేతమేదో, మన గోల ఏదో విడిపోతాయి. ఈ ప్రయోగంలో అసలు తెలివి ఇదే.

కృష్ణ పదార్థం గురుత్వాకర్షణతో మనల్ని లాగేది, భూమి లాగేదానిలో 20 వేల కోట్ల వంతుల్లో ఒకటి. అంత చిన్నదానిలోనూ పదివేలో వంతు తేడా స్థాయి దాకా వెతికారు. 2012లో ప్రచురించిన ఫలితం: తేడా కనిపించలేదు.

అయితే బెరీలియమైనా టైటానియమైనా చివరికి మామూలు లోహాలే. బాగా వేరైన పదార్థం కావాలంటే ఆకాశంలోకే చూడాలి. న్యూట్రాన్ నక్షత్రం దాదాపు మొత్తం న్యూట్రాన్లే. జె1713+0747 అనే పల్సార్ అలాంటిది. సెకనుకు 200 సార్లకు పైగా తిరుగుతూ, ఒక తెల్ల మరుగుజ్జు నక్షత్రంతో జతగా 68 రోజులకో చుట్టు వేస్తుంది. కృష్ణ పదార్థం ఈ రెండింటినీ వేర్వేరుగా లాగితే ఏళ్లు గడిచేకొద్దీ కక్ష్య ఆకారం మారాలి. 20 ఏళ్లకు పైగా అందిన దాని రేడియో సంకేతాలను జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు లెక్కగట్టి, అదనపు బలం ఉన్నా అది గురుత్వాకర్షణలో 1 శాతం లోపేనని 2018లో తేల్చారు.

ఏమీ దొరకలేదు కదా అనిపించవచ్చు. కానీ ఆ బలం పెద్దదే ఉండి ఉంటే, నక్షత్రాల వేగాన్ని బట్టి కట్టిన కృష్ణ పదార్థం లెక్కలన్నీ తప్పయ్యేవి. ఇటువైపు నుంచి ఆ లెక్కలకు ఇప్పుడు ధైర్యం వచ్చింది. తక్కువ దూరంలోనే ఆగిపోయే బలాలు, కృష్ణ పదార్థం తనలో తాను చూపే బలాలు ఈ పరీక్షకు అందవు. పాలపుంత కేంద్రానికి దగ్గర్లో, కృష్ణ పదార్థం దట్టంగా ఉందనుకునే చోట, ఇలాంటి జంట పల్సార్ ఒకటి దొరికితే పరీక్ష ఇంకా కఠినమవుతుంది. రేడియో టెలిస్కోపులతో అక్కడ వెతుకుతున్నారు.