నోటిమాటకు వెల కట్టవచ్చునా?

పెండ్లికి పట్టుచీర కొనదలచిన ఇల్లాలు నేరుగా దుకాణమునకు పోదు. ముందుగా పొరుగింటి పిన్నిగారిని అడుగును. ఏ దుకాణమున మంచి సరుకు దొరకునో, ఎక్కడ రంగు వెలయునో ఆమె చెప్పును. ఆ మాటకు అంతటి విలువ ఎందువలన వచ్చినది? చీర అమ్ముడుపోయినను, పోకున్నను పిన్నిగారికి వచ్చు లాభమేమియు లేదు గనుక.

ఈ సంగతిని శాస్త్రీయముగా పరిశీలించినవారును కలరు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమందలి డెకాటర్ పట్టణమున 1945లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందము సుమారు 800 మంది స్త్రీలను ప్రశ్నించినది. ఆ ఫలితములను ఆయన, ఎలిహు కాట్జ్ కలిసి 1955లో గ్రంథముగా వెలువరించిరి. ఇంటి సరుకులు, దుస్తులు, సినిమాలు ఎన్నుకొనుటలో పత్రికలకంటె, రేడియోకంటె ఎరిగినవారి మాటయే ఎక్కువగా పనిచేయునని వారికి తేలినది. రేడియోలో మాట్లాడు మాకు ఇది కొంత వినయమును నేర్పు సత్యమే.

నేడు ఆ పొరుగింటి అరుగు చేతిలోని ఫోనులోనికి వచ్చినది. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి సామాజిక మాధ్యమములలో ఒకరు చెప్పిన మాట క్షణములో వేలమందికి చేరుచున్నది. అయితే వర్తక సంస్థ తానే పిన్నిగారు కాజాలదు. కనుక ఆమె చేత మాట్లాడించు ఉపాయములను వెదకుచున్నది. వానిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది, ఇరువురికిని లాభము చూపుట. కంప్యూటరు దస్త్రములను దాచిపెట్టు డ్రాప్‌బాక్స్ సంస్థ, స్నేహితుని చేర్పించినవారికిని, చేరినవారికిని అదనపు స్థలమును ఉచితముగా ఇచ్చినది. 2008 సెప్టెంబరులో సుమారు 1 లక్షగా ఉన్న ఖాతాదారులు 2010 జనవరి నాటికి 40 లక్షలైరి. ఆ వృద్ధిలో ఈ ఆహ్వానముల పాలు చాల కలదు.

రెండవది, పదిమందికి చూపదగిన ముచ్చట కల్పించుట. 2011లో ఆస్ట్రేలియాలో కోకాకోలా సంస్థ తన సీసాలపై అక్కడ వాడుకలోనున్న 150 పేర్లను అచ్చువేయించినది. జనులు తమ పేరో, మిత్రుని పేరో వెదకి, ఫొటో తీసి లోకమునకు చూపిరి. కొన్నవారే ప్రచారకులైరి.

మూడవది, వేలాది అనుచరులు గలవారికి సొమ్మో, ఉచితముగా సరుకో ఇచ్చి పొగడించుట. చిక్కు ఇక్కడనే కలదు. ముట్టిన ప్రతిఫలమును దాచినచో, వినువారు దానిని పిన్నిగారి మాటయే అనుకొని మోసపోవుదురు. అందువలననే మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకములను ప్రకటించినది. ప్రతిఫలము పుచ్చుకొన్నవారు ఆ సంగతిని స్పష్టముగా, సిఫారసు చేసిన భాషలోనే తెలుపవలెను. తప్పుదారి పట్టించు ప్రకటనకు మొదటిసారి 10 లక్షలు, మరల చేసినచో 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

చట్టము ప్రతి ఇంటికిని రాజాలదు. కావున ఎవరైన ఒక సరుకును మెచ్చుకొనినప్పుడు, “ఈ మాట వలన చెప్పువారికేమి వచ్చును?” అని ఒక్కసారి ఆలోచింపవలెను. బంధువుల వాట్సాప్ బృందమునకు మనమే ఒక ఆహ్వానమును పంపునప్పుడు, “ఇందులో నాకును కొంత ముట్టును” అని చెప్పుట మర్యాద. లాభము పుచ్చుకొనుట తప్పు కాదు, దాచుట తప్పు. మన మాటను నమ్మి సొమ్ము వెచ్చించువారు మనవారే గదా!