మనమా? మేమా?

'టీచర్, రేపు మనం పెళ్లికి వెళ్తున్నాం. సెలవు ఇవ్వండి.' ఏడో తరగతి పిల్లాడు ఇలా రాస్తే టీచరమ్మ కూడా పెళ్లికి బయల్దేరాల్సిందే!

ఎదుటివారిని కలుపుకుంటే 'మనం', కలుపుకోకుంటే 'మేము'. ఇంగ్లిషులో రెండింటికీ 'వుయ్' ఒక్కటే, కన్నడంలో 'నావు' ఒక్కటే. అనంతపురం జిల్లాలో కర్ణాటకను ఆనుకున్న రాయదుర్గం వైపు తెలుగుతోపాటు కన్నడమూ వినిపిస్తుంది. పిల్లలు తడబడటం సహజం.

అక్షరదోషం కంటికి కనిపిస్తుంది. ఇలాంటి తప్పు చెవికే దొరుకుతుంది. అందుకే రాసింది పైకి చదివించండి. 'బోరులో నీళ్లు ఇంకిపోయింది' అని చదివితే 'నీరా, నీళ్లా?' అని మాత్రం అడగండి. నీరయితే 'ఇంకిపోయింది', నీళ్లయితే 'ఇంకిపోయాయి'. తప్పు తనే పట్టుకుంటాడు. మీరే ఎర్రపెన్నుతో దిద్దేస్తే రేపూ అదే రాస్తాడు.

ఒక్క జాగ్రత్త. 'వచ్చినాము', 'చేసినారు' అన్నవి సీమ పలుకుబడి, తప్పులు కావు. పాఠ్యపుస్తకంలో 'వచ్చాము' అని ఉంటుందని చెప్పండి, ఇంటి మాటను మాత్రం వెక్కిరించకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి (1863-1940) పుట్టినరోజు ఆగస్టు 29నే కదా మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనేది! నవ్వుతారన్న భయం పట్టుకుంటే పిల్లలు తప్పులే కాదు, రాయడమే మానేస్తారు.