ఇంటి గదిలో రాక్ పాట: ధ్వనిని మెరుగుపరచుకొనే విధానం

తెలుగు పాట రికార్డు కావాలంటే మదరాసు రైలెక్కవలసిన కాలం ఒకటుండేది. గాయకులు, వాద్యబృందం, ఇంజనీరు ఒకే కప్పు క్రింద చేరేవారు. ఒకరు తప్పినా అందరూ మళ్ళీ మొదటినుండి ఆరంభించేవారు. నేడు ఆ పరికరాలలో అధికభాగం ఒక లాప్‌టాప్‌లోను, దానికి తగిలించే అరచేతి పెట్టెలోను ఇమిడిపోయాయి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి రాయదుర్గం పరిసరాలలో అద్దె గదులు పెరుగుతూ వచ్చాయి. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం చేరిన పిమ్మట మరీ పెరిగాయి. ఆ గదులలో మన విద్యార్థులున్నారు, కొత్తగా ఉద్యోగాలలో చేరిన మన పూర్వవిద్యార్థులున్నారు. వారిలో గిటారు పట్టినవారి సంఖ్య తక్కువేమీ కాదు. రాత్రి భోజనాలైన తరువాత రాక్ పాటలు కట్టి, తామే రికార్డు చేసి, మిత్రులకు పంపుకుంటున్నారు.

పాట బాగుంటుంది. రికార్డింగు మాత్రం బావిలోనుండి వినవచ్చినట్లు ఉంటుంది. అప్పుడు వారు సాధారణంగా చేసే నిర్ణయమొకటే: "మైకు చౌకది, ఖరీదైనది కొనాలి." ఈ నిర్ణయంతో మేము ఏకీభవించలేము. మైకు తన ముందున్న దానినే వింటుంది. దాని ముందున్నది గాయకుని కంఠం ఒక్కటే కాదు, ఆ గది కూడా. మైకు ఎంత మంచిదైతే గది దోషాన్ని అంత స్పష్టంగా పట్టి చూపుతుంది.

గది పాటలోనికి ఎట్లు ప్రవేశిస్తుందో చూద్దాం. రాయదుర్గం నుండి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే గోలకొండ కోట ఉంది. ఫతే దర్వాజా గుమ్మటం క్రింద నిలిచి చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరాన, శిఖరం మీదనున్న బాలాహిస్సారులో వినబడుతుందని మనమందరం ఎరుగుదుము. కఠినమైన రాతి వంపులు శబ్దాన్ని పీల్చుకొనక తిప్పిపంపడమే అందులోని రహస్యం. కుతుబ్‌షాహీల వాస్తుశిల్పులకు అది వరం. మన అద్దె గదికి అదే శాపం. సిమెంటు గోడలు, గ్రానైటు నేల, గాజు కిటికీ, వీటిపై పడిన శబ్దశక్తిలో నూటికి తొంభైకి పైగా పాళ్ళు వెనుకకు వస్తుంది. పదడుగుల గదిలో ఆ రాక చాలా త్వరగా జరుగుతుంది కనుక అది వేరొక ప్రతిధ్వనిగా వినబడక, కంఠానికి అంటుకొని "బావి" రంగు పూస్తుంది.

దీనికి శాస్త్రీయమైన లెక్క కట్టినవాడు ఒక యువ అధ్యాపకుడే. 1895 ప్రాంతంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు క్రొత్త ఉపన్యాసశాలలో ఏ ఉపన్యాసమూ అర్థం కాకుండెను. పలికిన మాట అయిదు సెకన్లకు పైగా గోడలమధ్య తిరుగుతూ ఉండేది. దాని సంగతి తేల్చుమని భౌతికశాస్త్ర అధ్యాపకుడైన వాలెస్ సేబైన్‌కు అప్పగించారు. ఆయన రాత్రివేళ ప్రక్క నాటకశాలలోని మెత్తలను మోయించి తెచ్చి, ఆ శాలలో పరచి, ఆర్గాన్ గొట్టం మ్రోగించి, శబ్దం అణగడానికి ఎంతసేపు పట్టెనో గడియారంతో కొలిచేవాడు. తెల్లవారకముందే మెత్తలను తిరిగి చేర్చేవాడు. మెత్తలు పెరిగినకొద్దీ శబ్దం నిలిచే కాలం తగ్గింది. నేటికీ స్టూడియోల నిర్మాణానికి ఆయన సూత్రమే పునాది. మెత్తలు మన ఇండ్లలోనూ ఉన్నాయి గదా!

తెలుగు, ఉర్దూ పాటలకు ఈ విషయం మరింత ముఖ్యం. మన భాషలలో ద్విత్వాక్షరాలు అర్థాన్ని మోస్తాయి. తెలుగులో "గుడి" వేరు, "గుడ్డి" వేరు. ఉర్దూలో "పతా" అంటే చిరునామా, "పత్తా" అంటే ఆకు. ఈ రెంటికీ భేదమేమి? ద్విత్వం పలుకునప్పుడు నాలుక ఒక్క లిప్తకాలం గాలిని బంధిస్తుంది, అక్కడ ఒక చిన్న నిశ్శబ్దం ఏర్పడుతుంది. సెకనులో పదవ వంతుకు కాస్త అటుయిటుగా ఉండే ఆ నిశ్శబ్దమే ద్విత్వం. ఖాళీ గదిలోనైతే వెనుకటి అచ్చు శబ్దం పూర్తిగా అణగడానికి సెకనుకు పైగా పట్టవచ్చు. అది ఆ నిశ్శబ్దాన్ని పూడ్చివేస్తుంది. ఒత్తు కరిగిపోతుంది, ఒత్తుతోపాటు అర్థమూ కరిగిపోతుంది. ఆంగ్ల రాక్ పాటల కొరకు వ్రాసిన సలహాలలో ఈ సంగతి కనబడదు, వారికి దాని అవసరం లేదు. (హైదరాబాదీలు "ఖాఫ్"ను "ఖే"గా పలుకుతారని ఉత్తరాదివారు నవ్వుతారు. ఖాళీ గదిలో పాడితే ఆ రెండూ వినబడవు కనుక నవ్వే అవకాశమూ వారికి దక్కదు!)

గత సంవత్సరం మా విద్యార్థులిద్దరు తమ పాటను వినిపించారు. పల్లవి తెలుగు, చరణాలు దక్కనీ. డ్రమ్ములు, గిటారు, ఉత్సాహం, అన్నీ ఉన్నాయి, మాటలు మాత్రం లేవు. మూడుసార్లు విన్నా ఒక్క చరణమైనా మాకు పూర్తిగా తెలియలేదు. వారిలో ఒకరు, "ఊరిలో అమ్మీకి వినిపిస్తే రాగం బాగుంది బేటా, ఏం పాడావని అడిగింది సార్" అన్నాడు. ఇద్దరూ కలిసి అప్పుచేసి మైకు కొనడానికి సిద్ధపడి ఉన్నారు. ఒక ఆదివారం ఆగమని చెప్పి మేము వారి గదికి వెళ్ళాము. పాత మైకే, పాత గిటారే. మార్చినవి మూడు: బొంతలు, మైకుకు దూరం, శబ్దపు మట్టం.

మొదటిది బొంత. ఇంటిలోని పాత చీరెల బొంతగాని, రజాయిగాని, దూది పరుపుగాని పనికివస్తుంది. దానిని ఎక్కడ కట్టాలన్నదే ప్రశ్న. మైకు వెనుక గోడకు కట్టాలని చాలామంది అనుకుంటారు. పాటకు వాడే మైకులు ఎక్కువగా ముందువైపు మాత్రమే బాగా వింటాయి, వెనుకవైపు వాటికి చెవుడు. కావున మైకుకు చూపు ఉన్నవైపు, అనగా పాడేవాని వీపు వెనుక, బొంత కట్టవలెను. గది నుండి తిరిగివచ్చే శబ్దం అక్కడినుండే మైకులోనికి దూరుతుంది. పిమ్మట రెండు ప్రక్కల, వీలైతే నెత్తిపైన. బొంతను గోడకు అంటించి కాక జానెడు ఎడంగా వ్రేలాడదీస్తే ఇంకను లోతైన స్వరాలను కూడా పట్టగలదు. గోడ దగ్గర గాలి కదలదు, కదిలే గాలినే గుడ్డ అడ్డగించగలదు. బట్టల బీరువా తలుపులు తెరచి దానికి వీపు పెట్టి పాడినా మేలే. కోడిగ్రుడ్ల అట్టలను గోడలకు అంటించే ఆచారమొకటి వ్యాపించింది. పలుచని ఆ అట్టలు చేసే ఉపకారం బహు స్వల్పం, నిప్పంటుకొనే ప్రమాదం మాత్రం గలదు.

ఒక హెచ్చరిక. బొంత గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటి రొదను ఆపదు. రాయదుర్గంలో కొండరాళ్ళు తొలిచే యంత్రాలు, నీటి మోటార్లు, రాత్రింబవళ్ళు సాగే కట్టడాలు ఉంటాయి. వాటికి విరుగుడు వేళను ఎంచుకోవడమే. పాడేటప్పుడు ఫ్యాను, ఏసీ రెండూ ఆపవలసిందే, చెమట పట్టినా సరే.

రెండవది దూరం. మైకుకు దూరం సగమైతే కంఠం నేరుగా చేరే బలం సుమారు ఆరు డెసిబెల్‌లు పెరుగుతుంది, గది ధ్వని మాత్రం దాదాపు యథాతథంగా ఉంటుంది. అంటే మూడడుగుల దూరంలో పాడేవాడు జానెడు దూరానికి వస్తే, పైసా ఖర్చు లేకుండా గదిని నాలుగవ వంతుకు తగ్గించినట్లే. మరీ బెత్తెడు దగ్గరకు వస్తే రెండు చిక్కులు. ఇట్టి మైకులు దగ్గరి కంఠానికి మంద్రస్వరాన్ని ఉబ్బించి చూపుతాయి. "ప, ఫ, బ, భ"ల గాలి దెబ్బ కూడా తగులుతుంది. కుట్టుపని రింగుకు పలుచని గుడ్డ బిగించి మధ్యలో నిలిపి, నోటిని మైకుకు సూటిగా కాక కొంచెం ప్రక్కకు ఉంచితే రెండవది పోతుంది. మొదటిదానికి సాఫ్ట్‌వేరులో 80 నుండి 100 హెర్ట్జ్‌లకు దిగువనున్నది కత్తిరించాలి.

మూడవది మట్టం. టేపు రోజులలో టేపు బుసను మరుగుపరచడానికి శబ్దాన్ని సూది ఎర్రగీతను తాకేదాకా పెంచేవారు. ఆ అలవాటు పెద్దలనుండి పిల్లలకు సంక్రమించింది. డిజిటల్ రికార్డింగులో ఆ బుస లేదు. 16 బిట్లలో సుమారు 96 డెసిబెల్‌ల వ్యాప్తి, 24 బిట్లలో సిద్ధాంతరీత్యా 144 ఉంటుంది. పైకప్పు దాటిన శబ్దం మాత్రం తెగి బరబరలాడుతుంది, దానిని తరువాత పూర్తిగా బాగుచేయలేము. పాటలో అతిబిగ్గరి అరుపు సున్నాకు పది డెసిబెల్‌లు దిగువన ఉండేట్లు చూసుకుంటే చాలు. ఫోనుతోనే రికార్డు చేసేవారు, వీలున్న యాప్‌లలో శబ్దాన్ని తనంతట తానే హెచ్చుతగ్గులు చేసే ఏర్పాటును ఆపివేయాలి. లేకున్న మాటకు మాటకు నడుమ గది గుసగుస లేచి వస్తుంది.

ఆ మధ్యాహ్నం రికార్డు చేసిన చరణాలు ఆ అమ్మగారికి ఫోనులోనే అర్థమయ్యాయి. అందులో ఒక పదం ఆమెకు నచ్చలేదట, అది వేరే సంగతి!

గిటారు సంగతి కొంత వేరు. ఎలక్ట్రిక్ గిటారును గదిలో ఆంప్లిఫయరు పెట్టి మ్రోగించవలసిన పని లేదు. తీగను నేరుగా పెట్టెకు తగిలించి, ఆంప్లిఫయరు గుణాన్ని సాఫ్ట్‌వేరులో చేర్చవచ్చు, ఇరుగుపొరుగుల దీవెనలూ దక్కుతాయి. డిస్టార్షన్‌ను వేదికమీద వాడేదానికంటె తగ్గించి వాడాలి. నిండుదనం కొరకు ఒకే వాయింపును నకలుచేసి కుడిఎడమలకు పంచితే ప్రయోజనం లేదు, అది నడుమనే కాస్త బిగ్గరగా వినబడుతుంది. రెండుసార్లు నిజంగా వాయించి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పంపాలి. ఆ రెంటి మధ్యగల సూక్ష్మ భేదాలే విశాలతను కలిగిస్తాయి. అప్పుడు నడిమి చోటు కంఠానికి ఖాళీ అవుతుంది. కంఠం వినబడకపోతే కంఠాన్ని పెంచడం కంటె, హల్లులు నివసించే రెండు మూడు వేల హెర్ట్జ్‌ల ప్రాంతంలో గిటారును కాస్త తగ్గించడం మేలు.

అన్నిటికంటె మోసకారిది మంద్రస్వరం. దీనికి బొంతలు చాలవు. పదడుగుల ఎడంగల రెండు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్‌ల స్వరం నిలిచి ఊగుతుంది. బేస్ గిటారు మూడవ తీగ (ఎ) 55. అంటే ఆ తీగ మీటినప్పుడల్లా గది కూడా బేస్ వాయిస్తుందన్నమాట! గోడలచెంత ఆ స్వరం పెద్దది, సరిగ్గా నడుమ దాదాపు శూన్యం. గది మధ్య కుర్చీ వేసుకొని పాట కూర్చే విద్యార్థి "బేస్ చాలలేదు" అని పెంచుతాడు, ఆ పాట మరొకచోట విన్నవారికి తలనొప్పి వస్తుంది. గది చతురస్రమైతే పొడవు, వెడల్పు రెండూ అదే స్వరాన్ని ఉబ్బిస్తాయి కనుక మరీ కష్టం. పొడవువైపు గోడ నుండి మూడింట ఒక వంతుకు కొంచెం అటుయిటుగా కూర్చుని వినడం, హెడ్‌ఫోన్లలో సరిచూడడం, ఎరిగిన పాటను అదే బిగ్గరతనంతో ప్రక్కన పెట్టి పోల్చడం, ఇవే ఉపాయాలు. చివరగా ఆటోలోను, చిన్న ఫోనులోను వినాలి. మన శ్రోతలు వినేది అక్కడే.

చివరన మొత్తం పాటను నలిపి బిగ్గర చేసే యావ కూడా అనవసరం. స్పాటిఫై, యూట్యూబు వంటి సంస్థలు అతిబిగ్గరి పాటలను తామే సుమారు ఒకే మట్టానికి దించి వినిపిస్తాయి. నలిపినందువల్ల మిగిలేది నలుగుడు మాత్రమే. కంఠానికి హాలు ధ్వని కావాలంటే సాఫ్ట్‌వేరులో కావలసినంత చేర్చవచ్చు. అంటుకున్న గదిని తొలగిస్తామనే క్రొత్త సాధనాలు వచ్చాయి గాని, అవి గదితోపాటు కొన్ని హల్లులను కూడా తీసుకుపోతాయి.

ఇంటిలో చేసినది ఇంటిపాటగానే ఉండిపోతుందని నిరాశపడేవారికి ఒక ఉదాహరణ. 1982లో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని తన అద్దె ఇంట, నాలుగు ట్రాకుల టియాక్ కాసెట్ యంత్రంమీద, రెండు ష్యూర్ ఎస్‌ఎం 57 మైకులతో కొన్ని పాటలు నమూనాగా పాడి పెట్టుకున్నాడు. పిదప బృందంతో స్టూడియోలో మళ్ళీ చేయించినా ఆ కాసెట్టులోని బిగువు రాలేదు. చివరకు ఆ కాసెట్టే "నెబ్రాస్కా" అను ఆల్బముగా వెలువడింది. అందులో వాద్యాలు బహు కొద్ది, అది కూడా గమనించవలసిన విషయమే. పది ట్రాకులు పేర్చిన పాటకంటె, గిటారు ఒకటి, కంఠం ఒకటి ఉన్న పాట ఇంటి గదిని సులభంగా జయిస్తుంది.

కాలేజీ కమిటీ పెద్దలకు ఒక మనవి. మన లైబ్రరీ వెనుక పాత బెంచీలు వేసిన కొట్టుగది జనరేటరుకు దూరంగా ఉంది, దీర్ఘచతురస్రం కూడా. బెంచీలు తీయించి, మూడు ప్రక్కల దూది పరుపులు వ్రేలాడదీయించి, తలుపు సందులకు రబ్బరు పట్టీ వేయిస్తే, సాయంత్రాలు మన పిల్లలు పాటలకేగాక ముషాయిరా పఠనాలకు, తెలుగు వక్తృత్వ పోటీల అభ్యాసానికి కూడా వాడుకుంటారు. పరుపులు కుట్టించే పనిని, గది తాళం బాధ్యతను మేము వహించగలము.