క్రొత్త విద్యార్థులు - ర్యాగింగ్ బెడద

అరసవల్లి పరిసర గ్రామములనుండి యేటేట ఎందరో బాలబాలికలు ఎచ్చెర్ల, విశాఖపట్టణము మున్నగు చోట్ల పై చదువులకు చేరుచున్నారు. వసతిగృహమున అడుగిడిన తొలి నెలలలోనే కొందరికి ర్యాగింగ్ ఎదురగుచున్నది. చేయువారు దానిని పరిచయమందురు. బాధపడినవారు పరువు పోవునని దాచుదురు.

పరిచయమునకును పీడనకును భేదమెట్లు తెలియును? క్రొత్తవాడు 'నావల్ల కాదు' అని నిర్భయముగా అనగలిగినచో అది పరిచయము. అనినచో కీడు మూడునను భయమున్న అది పీడనయే. రాత్రివేళ గదికి రప్పించి నిలువబెట్టుట, తమ రికార్డులు వ్రాయించుకొనుట, తమ ఖర్చులు భరింపజేయుట, వాట్సాప్‌లో అవమానించుట ర్యాగింగే. కులము, రంగు, రూపము, ప్రాంతము, భాషలనుబట్టి వేధించుటయు ర్యాగింగేనని యు.జి.సి. 2016లో స్పష్టపరచినది. కావున శ్రీకాకుళపు యాసను ఎగతాళిచేసి ఏడ్పించుట వేడుక కాదు.

సెలవు ముగిసినను బిడ్డ తిరిగిపోనొల్లకున్నను, ఫోనులో ముక్తసరిగా మాటలాడుచున్నను, కారణము చెప్పక డబ్బు కోరుచున్నను, తల్లిదండ్రులు మెల్లగా విచారింపవలెను.

మన రాష్ట్రమున 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టము వచ్చినది. గేలిచేసి అవమానించిన మాత్రముననే 6 నెలలవరకు జైలుగాని, 1,000 రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఫిర్యాదును ఉపేక్షించిన కళాశాలాధిపతి నేరమునకు తోడ్పడినవానిగా ఎంచబడును. 2009 నాటి యు.జి.సి. నిబంధనలను బట్టి, నేరము జరిగినదని తేలినచో అతడు 24 గంటలలో పోలీసులకు తెలుపవలెను.

అయినను చట్టమునకు సాక్ష్యము కావలెను. 2015 జూలైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమున ఆర్కిటెక్చర్ విద్యార్థిని యొకతె ఆత్మహత్య చేసికొనినది. ర్యాగింగే కారణమను ఆరోపణపై ప్రభుత్వము విచారణ సంఘమును నియమించినది. కేసు తొమ్మిదేండ్లు నడిచి, తగిన సాక్ష్యము లేదని 2024లో గుంటూరు న్యాయస్థానమున వీగిపోయినది.

అందుచేత, జరిగిన నాడే తేది, వేళ, చోటు, చూచినవారి పేర్లు వ్రాసియుంచవలెను. ఫోనుకు వచ్చిన సందేశములను చెరిపివేయరాదు. వార్డెనుకుగాని, కళాశాలలోని ర్యాగింగ్ నిరోధక సంఘమునకుగాని ఫిర్యాదు వ్రాసియిచ్చి నకలు దాచుకొనవలెను. అచట ఆలకింపనిచో 1800-180-5522 అను ఉచిత ఫోను రాత్రింబవళ్లు అందుబాటులో కలదు. ప్రాణభయమున్నచో వెంటనే 112కు చెప్పవలెను. బాధితుడే చెప్పవలెనని లేదు. చూచిన తోటి విద్యార్థియు, తల్లిదండ్రులును తెలుపవచ్చును.

బిడ్డ నోరు విప్పినపుడు 'ఎట్లో సర్దుకొనుము' అని పెద్దలు అనరాదు. 'చెప్పి మంచిపని చేసితివి' అని, ఆ దినముననే బిడ్డతో కలిసి ఫిర్యాదు వ్రాయుటకు కూర్చుండవలెను.