విశాఖ తీరాన ఉడాజాహాజు, బుడాజాహాజు

ఇంట తెలుగు, బడిలో ఒడియా మాటలాడే సరిహద్దు పల్లెల పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. ఒక్కొక్క వస్తువుకు వారి వద్ద రెండేసి పేర్లుంటాయి. విమానాన్ని ఒడియాలో 'ఉడాజాహాజ' అంటారు, అంటే ఎగిరే ఓడ. జలాంతర్గామిని 'బుడాజాహాజ' అంటారు, అంటే మునిగే ఓడ. ఈ రెండు మాటలకు ప్రత్యక్ష రూపాలు విశాఖపట్నం బీచ్ రోడ్డుపై ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి. ఒకటి టీయూ-142 విమానం, రెండవది ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి. ఒకనాడు నీటి అడుగున దాగే ఓడలను వెతకడం ఆ విమానం పని. నీటి అడుగున దాగి ఉండడం ఆ ఓడ పని. ఇప్పుడు రెండూ విశ్రాంతి పొంది, నడుమ ఒక్క రహదారి దూరంలో నిలిచి, బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాయి.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు విశాఖ పరాయి ఊరు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు కోరాపుట్, రాయగడ ప్రాంతాలు నాటి విశాఖపట్నం జిల్లాలోనివే. నేటికీ పెద్ద జబ్బు చేస్తే కింగ్ జార్జి ఆసుపత్రికి, మొక్కు ఉంటే సింహాచలానికి వెళ్ళడం ఈ పల్లెలలో వాడుక. అయితే ఆసుపత్రి వరండాలోనో, గుడి వరుసలోనో రోజు గడచిపోయి, పిల్లలు ఊరిని చూడకుండానే తిరిగివస్తుంటారు. ఒక్క పూట ముందుగా ఆలోచించి ఏర్పాటు చేసుకుంటే ఆ ప్రయాణమే పిల్లలకు జన్మంతా గుర్తుండే పాఠమవుతుంది.

విమానం కథ

టీయూ-142 సోవియట్ యూనియన్‌లో తయారైన విమానం. 1988లో భారత నౌకాదళం ఇటువంటి విమానాలను ఎనిమిదింటిని తన సేవలోకి తీసుకున్నది. అవి మొదట గోవాలోని ఐఎన్ఎస్ హంస స్థావరంలో ఉండి, 1992లో తమిళనాడులోని అరక్కోణం వద్ద ఉన్న ఐఎన్ఎస్ రాజాలి స్థావరానికి మారాయి. 1988లో మాల్దీవుల ప్రభుత్వాన్ని కూలదోయ జరిగిన ప్రయత్నాన్ని భారత సైన్యం భగ్నం చేసినప్పుడు, 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో ఇవి సముద్రంపై కాపలా కాశాయి. 29 సంవత్సరాల పాటు సుమారు 30,000 గంటలు ప్రమాదమన్నది లేకుండా ఎగిరి, 2017 మార్చి 29న సేవ నుండి విరమించాయి. వాటి బాధ్యతలు ఇప్పుడు పీ-8ఐ విమానాలు నిర్వహిస్తున్నాయి.

అలా విరమించిన విమానాలలో ఒకటి 2017లో విశాఖలోని ఐఎన్ఎస్ డేగా స్థావరానికి ఎగిరివచ్చి దిగింది. అదే దాని చివరి ప్రయాణం. దానిని భాగాలుగా విడదీసి, సాగరతీరానికి తరలించి, తిరిగి కూర్చారు. 2017 డిసెంబరు 7న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రదర్శనశాలను ప్రారంభించారు.

విమానం పొడవు సుమారు 53 మీటర్లు, రెక్కల చివరల నడుమ వెడల్పు 50 మీటర్లు. దీనికి నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా రెండు పంఖాలు, ఒక్కొక్క పంఖాకు నాలుగు రెక్కలు. మొత్తం ఎన్ని రెక్కలో పిల్లలనే లెక్కించమనాలి. 32 అని వారే చెబుతారు. ముందు పంఖా ఒక వైపు తిరిగితే వెనుకది దానికి ఎదురు వైపు తిరుగుతుంది. ముందు పంఖా గాలిని వెనుకకు నెట్టేటప్పుడు ఆ గాలి సుడి తిరిగి కొంత శక్తి వృథా అవుతుంది. ఎదురు తిరిగే రెండవ పంఖా ఆ సుడిని సరిచేసి, వృథా కాబోయే శక్తిని కూడా విమానాన్ని ముందుకు నడిపేందుకే వినియోగిస్తుంది. అందువలన ఈ విమానం గంటకు 900 కిలోమీటర్లకు పైబడిన వేగాన్ని అందుకోగలిగేది, గంటల తరబడి సముద్రంపై తిరిగి రాగలిగేది.

నీటి అడుగున ఉన్నదానిని ఆకాశం నుండి ఎలా కనుగొంటారు?

పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇది. సమాధానం తెలుసుకొని వెళితే అక్కడ చూసే ప్రతి వస్తువూ అర్థవంతమవుతుంది.

ఉప్పునీటిలో రేడియో తరంగాలు ఎంతో దూరం పోలేవు. వెలుగు కూడా కొద్ది లోతులోనే అణగిపోతుంది. ధ్వని మాత్రం నీటిలో చక్కగా ప్రయాణిస్తుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. సముద్రపు నీటిలో అది సుమారు 1,500 మీటర్లు. చెరువులో మునిగి ఉన్నప్పుడు దూరాన రెండు రాళ్ళు కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించడం పల్లె పిల్లలకు అనుభవమే. ఈ సూత్రం పైననే సోనోబాయ్ అనే పరికరం పనిచేస్తుంది. విమానం నుండి దీనిని సముద్రంలోకి జారవిడుస్తారు. దాని పై భాగం నీటిపై తేలుతుంది. దాని నుండి వేలాడే చెవివంటి భాగం నీటి లోపలి చప్పుళ్ళను వింటుంది. విన్నదానిని పై భాగం రేడియో ద్వారా విమానానికి అందిస్తుంది. అటువంటి పరికరాలను అనేకం వరుసగా విడిచి, ఏది ముందు విన్నదో, ఏది బిగ్గరగా విన్నదో సరిపోల్చి జలాంతర్గామి ఉన్న చోటును అంచనా వేస్తారు.

ఎదురుగా ఉన్న కుర్సురా వంటి జలాంతర్గామి నీటిలో బ్యాటరీలతో నడుస్తుంది. ఆ బ్యాటరీలను నింపడానికి డీజిల్ ఇంజన్లను నడపాలి. ఇంజన్లకు గాలి కావాలి. గాలి కోసం అది నీటిపైకో, కనీసం గొట్టం బయటకు చాచేంత పైకో రాక తప్పదు. ఆ సమయంలోనే విమానంలోని రాడార్‌కు దొరికిపోయే ప్రమాదం ఎక్కువ. దాగేవాడికీ వెతికేవాడికీ మధ్య నడిచే ఈ ఆటను తెలుసుకున్నాక, రహదారికి ఇరువైపులా ఉన్న ఆ రెండింటినీ చూడడంలోని ఆనందమే వేరు.

కుర్సురా 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొన్నది. 2001లో విరమించింది. 91 మీటర్ల పొడవున్న ఈ ఓడను ఒడ్డుకు చేర్చి 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. ఇరుకైన ఆ గదులలో డెబ్బైమందికి పైగా నావికులు నెలల తరబడి ఎలా గడిపారో లోపలికి వెళితేగాని తెలియదు.

ఆటవస్తువులు కావు

సరదాగా చూడడం మంచిదే. అయినా పెద్దలు పిల్లలకు ఒక్క మాట చెప్పాలి. సముద్రంపై ఎగరడం ఎన్నడూ తేలికైన పని కాదు. 2016 జూలై 22న చెన్నై నుండి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతంపై అదృశ్యమైంది. అందులో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిదిమంది విశాఖలోని నౌకాదళ ఆయుధాగారపు పౌర ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికినా ఫలితం లేకపోయింది. చివరకు 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున ఆ విమానపు శకలాలను మనిషి లేని జలాంతర వాహనం తీసిన చిత్రాలలో గుర్తించారు. ఏడేళ్ళకు పైగా ఆ కుటుంబాలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. పిల్లలు సముద్రం వైపు చూసి, అది ఎంత లోతో ఊహించి, ఆ నీటిపై ఎగిరి తిరిగిరాని వారిని ఒక్క నిమిషం తలచుకుంటే ఆ యాత్ర సార్థకమవుతుంది.

ఆకాశం నుండి వచ్చే ఆపద కూడా విశాఖకు తెలియనిది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ నగరంపై బాంబులు వేశాయి. నాడు ప్రాణభయంతో ఎందరో ఇళ్ళు విడిచి లోపలి పల్లెలకు తరలిపోయారు. ఆ కాలపు కథలు ఇంటి పెద్దలకు గుర్తుంటే ప్రయాణానికి ముందే పిల్లలకు చెప్పించడం మంచిది. బీచ్ రోడ్డులోనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో నెలకొల్పిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఉంది. 1971 డిసెంబరు 3-4 తేదీల నడిరేయి విశాఖ సమీపంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది.

ప్రయాణం ఎలా?

రాయగడ వారికి విజయనగరం మీదుగా, బరంపురం వారికి పలాస, శ్రీకాకుళం రోడ్ మీదుగా రైలు మార్గం ఉంది. గుణుపురం, పర్లాకిమిడి వారు నౌపడ మీదుగా రావాలి. జయపురం, కోరాపుట్ వారికి అరకు లోయ మీదుగా వచ్చే కొత్తవలస మార్గం ఉంది. దూరం తక్కువే అయినా కొండలు, సొరంగాల వల్ల ఇది నెమ్మదిగా సాగే ప్రయాణం. ఒకే రోజులో వెళ్ళి రావాలనుకునే జయపురం వారు ఈ మార్గంలో వస్తే చూడవలసినదంతా చూసే వ్యవధి ఉండదు. ఒక రాత్రి బస ఏర్పాటు చేసుకోవడమే మేలు.

విశాఖ రైల్వే స్టేషను నుండి గాని, ఆర్టీసీ కాంప్లెక్సు నుండి గాని రామకృష్ణా బీచ్ నాలుగైదు కిలోమీటర్లు. సిటీ బస్సులు, ఆటోలు దొరుకుతాయి. ఆటో ఎక్కకముందే 'కుర్సురా వద్ద' అని చెప్పి బేరం కుదుర్చుకోవాలి.

సోమవారం ఈ ప్రదర్శనశాలలకు సెలవు. మామూలు రోజులలో ఇవి మధ్యాహ్నం తెరిచి రాత్రి వరకు ఉంచడం వాడుక. వేళలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు విశాఖలోని బంధువుల ద్వారానో, ఫోను ద్వారానో నిర్ధారించుకోవాలి. ఉదయం చేరిన కుటుంబాలు సింహాచలం వెళ్ళి దర్శనం ముగించుకొని, భోజనానంతరం బీచ్‌కు చేరితే రెండు పనులూ నెరవేరుతాయి. ఆదివారాలలో, పండుగ సెలవులలో రద్దీ ఎక్కువ. నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న ప్రతి ఏటా విశాఖలోనే ప్రధాన విన్యాసాలు ఉంటాయని భావించి బయలుదేరరాదు. 2023లో ఆ ఉత్సవం మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లో, 2024లో ఒడిశాలోని పూరీ తీరాన జరిగింది.

జలాంతర్గామిలో ఒక గది నుండి మరొక గదికి పోయే గుండ్రని ద్వారాలు చిన్నవి. వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు, ఊపిరి ఆడని ఇబ్బంది ఉన్నవారు దానిని బయటి నుండి చూడడమే మంచిది. విమానం లోపలికి కూడా మెట్లెక్కాలి. చంటిపిల్లలున్న కుటుంబంలో ఇద్దరు పెద్దలు వంతులు వేసుకుంటే అందరూ చూడగలుగుతారు. రెండింటికీ టికెట్లు వేర్వేరు. బడి తరఫున వచ్చేవారు ప్రధానోపాధ్యాయుని ఉత్తరం వెంట ఉంచుకొని, విద్యార్థులకు రాయితీ ఉందేమో టికెట్ల వద్ద విచారించాలి.

అన్నిటికంటె ముఖ్యం

రామకృష్ణా బీచ్ చూడడానికి అందమైనదే గాని స్నానానికి అనువైనది కాదు. ఒడ్డు దగ్గరే లోతు హఠాత్తుగా పెరుగుతుంది. వెనుకకు మరలే నీరు మనిషిని లోపలికి లాగుతుంది. ఏరులో, చెరువులో ఈత వచ్చినవారు కూడా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొండ ప్రాంతాల నుండి మొదటిసారి సముద్రం చూసే పిల్లలు అలలను చూసి ఆగలేరు. కనుక ప్రదర్శనశాలలు చూడడం ముగిశాక, వెలుగు ఉండగానే, పెద్దలు చేయి పట్టుకొని పాదాలు తడిపించి వెనుకకు తీసుకురావాలి. చీకటి పడ్డాక నీటి దరికి పోనీయరాదు. పిల్లల జేబులో ఇంటి పెద్ద పేరు, ఫోను నంబరు రాసిన చీటీ ఉంచాలి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో, కుర్సురా ముందరనో, విమానం గేటు వద్దనో, ముందుగానే చెప్పాలి.

ఇంటికి చేరాక పిల్లల చేత చూసినదానిని రాయించాలి. తెలుగులో రాయగలిగితే తెలుగులో, లేదంటే ఒడియాలో. ఏ లిపిలో రాసినా ఫరవాలేదు. అవ్వా తాతలకు దానిని తెలుగులో చదివి వినిపించమంటే చాలు. నీటిలో ధ్వని ఎలా పోతుందో, పంఖాలు ఎదురెదురుగా ఎందుకు తిరుగుతాయో మనుమడు చెబుతుంటే తాత వింటాడు. విశాఖ అంటే ఆసుపత్రి మాత్రమే అనుకునే ఇంట్లో ఆ రోజు నుండి మరొక మాట కూడా వినిపిస్తుంది.